వేడినీళ్ళ వెల



కృష్ణా గోదావరీ తీరములందు కాపురముండువారు వేడినీళ్ళనుగూర్చి యింత వ్యాసమేల యని నవ్వవచ్చును. వారికి స్నానపునీరు వెచ్చబడుట యొక సుఖము. మా ఆదిలాబాదువంటి ఊళ్ళలో అది అవసరము. మార్గశిర పుష్యమాసములలో తెల్లవారుజామున చలి యైదారు డిగ్రీలకు దిగిన దినములు మాకు క్రొత్తవి కావు. మేడమీది ట్యాంకులో రాత్రియంతయు నిలిచిన నీరు కుళాయినుండి వచ్చునపుడు వ్రేళ్ళను కొరుకును. పసివారును వృద్ధులును గల యింట వేడినీరు లేక జరుగదు. దాని వెల యెంతయో తెలియకపోవుటచే మా యింట జరిగిన సంగతి మొదట చెప్పి, పిదప లెక్కలోనికి వచ్చెదను.

2024 డిసెంబరు మొదటివారమున, కార్తికమాసపు వాడకమునకు కరెంటు బిల్లు వచ్చినది. 214 యూనిట్లు! అంతకుముందు నెలలలో మాకు 130 గాని 140 గాని మించి యెన్నడును కాలేదు. మావారు బడిపంతులు. జీతము చేతికి వచ్చిన దినముననే పాలవానికింత, పుస్తకములకింత యని కాగితముమీద వ్రాసి పంచువారు. వారు ఆ బిల్లు చేతబట్టుకొని వరండాలో నిలిచి, "ఈ యింట నీళ్ళు కాగుచున్నవో, రూపాయలు కాగుచున్నవో తెలియకున్నది" అనిరి. ఎవరిని ఉద్దేశించియు అనలేదు. కాని లోపలి గదిలో మా అత్తగారు వినిరి.

మరునాటినుండి ఆమె అందరికంటె ముందు లేచి, చప్పుడు కాకుండ చన్నీళ్ళు పోసికొనుచు వచ్చిరి. నాలుగు దినములు మే మెవ్వరమును గమనింపలేదు. ఆమెకు డెబ్బది దాటినవి. ఐదవనాడు దగ్గు పట్టి, గొంతు పెగలక, దుప్పటి కప్పుకొని కూర్చుండిరి. ఏమయినదని నేను గుచ్చి గుచ్చి యడుగగా, "నాకు చన్నీళ్లు అలవాటే బిడ్డా. సదువుకునే పిల్లకు కాగవెట్టుండ్రి, చాలు" అనిరి.

ఆ మాట విని నాకు తల యెత్తుటకు వీలు లేకపోయినది. ఇంటిలో పొదుపు అనుమాట పుట్టగనే మొట్టమొదట తన పాలు తగ్గించుకొనున దెవరో మనకందరికిని తెలిసినదే. వైద్యుడు మందిచ్చెను, పదిదినములలో దగ్గు నెమ్మదించినది. కాని ఆమె యొక్క స్నానమునకు నిజముగా ఎంత ఖర్చగుచున్నదని నన్నెవరైన అడిగియున్నచో నేను చెప్పలేకపోయియుందును. మావారును చెప్పలేకపోయియుందురు. ఎంతయో తెలియని ఖర్చునకు ఎవరో ఒకరు అపరాధులగుచుందురు. అందుచేత మీటరును, మా అమ్మాయి పదవతరగతి భౌతికశాస్త్ర పుస్తకమును ముందు పెట్టుకొని కూర్చుంటిని.

ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు ఒక కిలోకాలరీ వేడిమి కావలయును. ఒక యూనిట్టు కరెంటు 860 కిలోకాలరీల వేడిమి నిచ్చును. ఇంతకుమించి మనకు శాస్త్రము అక్కరలేదు. ఎన్ని లీటర్ల నీటిని ఎన్ని డిగ్రీలు వెచ్చచేయవలెనో ఆ రెండంకెలను గుణించి 860 చేత భాగించినచో యూనిట్లు వచ్చును. చిల్లర లెక్కల పుస్తకము వ్రాయగలిగిన ఏ గృహిణియైనను ఈ లెక్క చేయగలదు.

మా యింట చలికాలపు ఉదయమున కుళాయినీరు 18 డిగ్రీలుండును. స్నానమునకు 40 డిగ్రీలు చాలును. ఒక బకెట్టు 20 లీటర్లు. 20 ని 22 చేత గుణించిన 440. దానిని 860 చేత భాగించిన అర యూనిట్టునకు వెంట్రుకవాసి యెక్కువ, 0.51. మే మింట నలుగురము. నలుగురి స్నానమునకు దినమునకు రెండు యూనిట్లు, నెలకు 61. ఇది నీటికి న్యాయముగా చెల్లవలసిన వెల. గీజరు ఏ కంపెనీదైనను, ఎంత ఖరీదుదైనను, నీటిని కడ్డీచేత కాచునంతకాలము దీనిలో ఒక్క పైసాయు తగ్గింపలేదు. "మా గీజరు తక్కువ కరెంటుతో ఎక్కువ నీరు కాచును" అని అంగడివాడు చెప్పినచో మర్యాదగా విని ఇంటికి రావలెను.

అయినచో మాకు గీజరు లేని నెలలలో 130 యూనిట్లయిన కార్తికమున 190 కావలెను గాని 214 ఏల అయినది? పైగా కార్తికమున పంకాలు కూడ తిరుగవు గదా! ఈ ప్రశ్నయే నన్ను నిద్రపోనీయలేదు.

తర్కశాస్త్రజ్ఞులు నీటికి చల్లదనమే సహజగుణమనియు, వేడిమి బయటనుండి వచ్చిన ఆగంతుకమనియు చెప్పుదురు. చిన్ననాడు మా తండ్రిగారి యొద్ద ఆ పాఠము వల్లించునపుడు నాకది యొక మాటల గారడీవలె తోచెడిది. ముప్పదియైదేండ్లు వచ్చినపిదప జలకాలగది గోడమీద దాని యర్థము కనబడినది. వచ్చిన వేడిమి నీటియందు నిలువదు. తొట్టిగోడలనుండి గాలిలోనికి మెల్లమెల్లగ వెడలిపోవుచునే యుండును. అది వెడలినకొలదియు గీజరు తనంతట తాను వెలిగి మరల కాచును. మరల వెడలును, మరల కాచును. ఒక్క చెంబెడు నీరు ఎవరును వాడకున్నను ఈ కాచుట ఆగదు.

మేము చేయుచుండిన తప్పు ఇదియే. కార్తికస్నానములకు తెల్లవారుజామున నీరు సిద్ధముగ నుండవలెనని రాత్రి తొమ్మిదింటికే స్విచ్చి వేసెడివారము. నలుగురి స్నానములును, అంట్లు తోముటయు ముగిసి, ఎవరికో ఒకరికి జ్ఞాపకము వచ్చునప్పటికి పగలు పదునొకండు గంటలయ్యెడిది. పదునాలుగు గంటలు!

ఒక ఆదివారమునాడు పరీక్షించితిని. ఉదయము స్నానములయిన పిమ్మట గీజరు నిండ కాగి దీపమారిన తరువాత, మావారితో చెప్పి ఇంటిలోని తక్కిన లైనులన్నిటిని డబ్బాలో ఆర్పించి, గీజరు లైనొక్కటి మాత్రము ఉంచి, వేడినీటి కుళాయి నెవ్వరును ముట్టవలదని ఆజ్ఞ వేసి, మీటరంకె వ్రాసికొంటిని. ఆరుగంటల తరువాత మరల చూచితిని. 0.4 యూనిట్టు కాలినది. ఎవ్వరును స్నానము చేయలేదు; ఒక గిన్నె కడుగలేదు. అనగా దినమంతయు ఉంచినచో 1.6, మావలె పదునాలుగు గంటలుంచినచో 0.93, నెలకు 28 యూనిట్లు. మా గీజరు 25 లీటర్లది, పాతది, తిరుగుడుమీటను ఎప్పుడో ఎవరో కడకొనకు త్రిప్పి వదలినది. నీరెంత వేడెక్కియున్న అంత త్వరగా వేడిమి పోగొట్టుకొనును.

అత్తగారి స్నానము నెలకు 15 యూనిట్లు. ఎవ్వరును వాడని నీటిని కాచుటకు 28 యూనిట్లు. ఆమె చన్నీళ్ళు పోసికొని దగ్గు తెచ్చుకొన్న దానిలో సగము పాపము ఆ తిరుగుడుమీటది. మిగిలిన సగము మాది.

ఇంక రూపాయల సంగతి. ఇచ్చట ఒక చిక్కున్నది. దానిని మాత్రము నెమ్మదిగా చదువవలెనని కోరుచున్నాను. అన్ని యూనిట్ల వెలయు ఒకటి కాదు. తెలంగాణమున 2022-23 లో నిర్ణయింపబడిన పట్టిక ప్రకారము, నెలకు 200 యూనిట్లలోపు వాడు ఇంటికి మొదటి 100 యూనిట్లు ఒక్కొక్కటి 3 రూపాయల 40 పైసలు, తరువాతి 100 యూనిట్లు 4 రూపాయల 80 పైసలు. కాబట్టి సరిగా 200 కాల్చినచో 820 రూపాయలు. కాని 201 అయినచో ఆ యిల్లు మరియొక తరగతిలోనికి పోవును. మొదటినుండి 200 యూనిట్లును 5 రూపాయల 10 పైసల చొప్పున, ఆ పైది 7 రూపాయల 70 పైసల చొప్పున లెక్కింతురు. మొత్తము 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్టు వెల 207 రూపాయల 70 పైసలన్నమాట! స్థిరచార్జీలు, సుంకము మొదలగునవి దీనికి వేరుగ చేరును.

ఇట్టిదే మరియొక మెట్టు 100 దగ్గరనున్నది. అంతలోపు వాడువారికి మొదటి 50 యూనిట్లు 1 రూపాయి 95 పైసలు, తరువాతి 50 యూనిట్లు 3 రూపాయల 10 పైసలు. 100 కు 252 రూపాయల 50 పైసలు. 101 అయినచో 344 రూపాయల 80 పైసలు. తెలంగాణమున 2024 మార్చి నుండి అర్హతగల రేషనుకార్డు కుటుంబములకు 200 యూనిట్లవరకు బిల్లు లేకుండ చేసిరి గదా! వారికి ఈ 200 గీత మరింత ముఖ్యము. దాటిన నెలకు బిల్లు మొత్తము చెల్లింపవలసియుండును. అట్టి యింట గీజరో, బకెట్టులో పెట్టు హీటరో నిర్లక్ష్యముగ వెలిగినచో పోవునది అయిదారు యూనిట్లు కాదు, నెలబిల్లు.

ఆంధ్రప్రదేశమున 2022-23 లో ఏర్పరచిన పట్టికలో ఇట్టి అగాధము లేదు, మెట్లున్నవి. 126 నుండి 225 వరకు యూనిట్టు 6 రూపాయలు, 226 నుండి 400 వరకు 8 రూపాయల 75 పైసలు. అచ్చటను గీజరు కాల్చు యూనిట్లు దీపములును ఫ్రిజ్జును కాల్చిన వాటిపైన పడునవి గనుక, అవి ఎప్పుడును అతి ఖరీదయిన మెట్టుమీదనే యుండును. మీ మీ బిల్లు తీసి, చలికాలపు అంకెకును ఎండలు ముదురని ఫాల్గుణపు అంకెకును గల తేడా చూచుకొనుడు. ఆ తేడాయే మీ వేడినీళ్ళు.

మా 214 యూనిట్లకు 1,127 రూపాయల 80 పైసలయినది. ఆ 28 యూనిట్ల వృథా లేకున్నచో 186 యూనిట్లకు 752 రూపాయల 80 పైసలయియుండెడిది. సరిగా 375 రూపాయల తేడా.

తరువాత మేము చేసిన మార్పులు చాల స్వల్పములు. తిరుగుడుమీటను 60 డిగ్రీలకు దించితిమి. దానికంటె మిక్కిలి తగ్గించి, గోరువెచ్చని నీటిని తొట్టిలో దినములకొలది నిలువయుంచుట మంచిది కాదు. అందు సూక్ష్మక్రిములు పెరుగును. 60 డిగ్రీల నీరు కూడ కొన్ని క్షణములలోనే చర్మమును కాల్చును గావున పిల్లలున్న యింట ముందు చన్నీళ్ళు పట్టి పిదప వేడినీళ్ళు కలుపవలెను. 25 లీటర్లను 18 నుండి 60 డిగ్రీలకు తెచ్చుటకు 2 కిలోవాట్ల గీజరునకు 37 నిమిషములు చాలును. రాత్రియే వేయనక్కరలేదు. మొదట లేచువారు ముఖము కడుగుకొనకముందు స్విచ్చి వేసిన, కాఫీ త్రాగులోపల నీరు సిద్ధమగును. ఆ తొట్టెడు నీటిని చన్నీటితో కలుపగా 40 డిగ్రీల నీరు 47 లీటర్లు, అనగా రెండు బకెట్లు దాటి వచ్చును.

స్నానములు ఒకరి వెంట ఒకరు చేయుట రెండవ మార్పు. ఒకరు ఆరింటికిని, మరియొకరు ఎనిమిదింటికిని చేసినచో నడుమ తొట్టియు చల్లారును, గొట్టములోని నీరును చల్లారును. గీజరునుండి కుళాయివరకు పది మీటర్ల గొట్టముండినచో ప్రతిమారు ఒక లీటరునకు పైగా వేడినీరు దానిలోనే నిలిచి వృథాయగును. క్రొత్తగా ఇల్లు కట్టించువారు గీజరును జలకాలగదికి ఆనుకొని పెట్టించుకొనవలెను. వెనుకటి ఇంటివారు వంటయింటిమీది అటకపై పెట్టించిరి. మాకు వేరుగతి లేదు. కడపట స్నానము చేయువారు స్విచ్చి ఆర్పియే లోపలికి పోవలెనన్నది మా యింటి క్రొత్త నియమము. తొట్టిలోనున్నది వారికి చాలును. కరెంటు లేని సమయమున స్నానము చేయుట క్షేమము కూడ.

మూడవది మా అమ్మాయి కనిపెట్టినది. ఉదయము 18 డిగ్రీలుండు మేడమీది నీరు మధ్యాహ్నపు టెండకు సాయంకాలము నాలుగింటికి 27 డిగ్రీలుండును. బడినుండి వచ్చిన వెంటనే ఆ నీటితో స్నానము చేసినచో 22 డిగ్రీలు కాచుటకు బదులు 13 డిగ్రీలు కాచిన చాలును. అర యూనిట్టునకు మారుగా 0.30. తలంటుస్నానములు కూడ మేము సెలవుదినముల మధ్యాహ్నమునకు మార్చుకొంటిమి. ఉదయపు స్నానము విడువని అత్తగారికి ఈ నియమము లేదు. ప్రసంగవశమున ఒక మాట. వేడినీరు శరీరమునకు మేలుగాని తలకు పోసికొనుట కన్నులకును కేశములకును హాని యని వాగ్భటుడు వ్రాసెను. పొగలు క్రక్కు నీటితో తలంటుకొను పడుచులు ఇది తలపోయవలెను.

షవరుక్రింద నిలిచి స్నానము చేయు నాగరికతనుగూర్చి నాకు విరోధము లేదు గాని దాని లెక్క మాత్రము చెప్పవలసియున్నది. పదినిమిషములలో వంద లీటర్ల వరకు జారిపోవును. ఒక్కరి స్నానమునకే రెండున్నర యూనిట్లు. మా యింటి నలుగురి బకెట్టు స్నానములకంటె అధికము.

క్రొత్త గీజరు కొనవలసినవారు దానిమీది నక్షత్రముల చీటీని చదివి కొనవలెను. 2002 లో కేంద్రప్రభుత్వము స్థాపించిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఈ నక్షత్రములను ఇచ్చుచున్నది. నక్షత్రములు ఎక్కువయినకొలది, నిలువయున్న నీరు పోగొట్టుకొను వేడిమి తక్కువ. ఇరువదినాలుగు గంటలలో ఎంత పోవునో ఆ చీటీమీదనే అచ్చువేసియుండును. తొట్టి లేక అప్పటికప్పుడు కాచి యిచ్చు చిన్నవి కూడ దొరకును. వానికి నిలువనష్టము లేదు గాని, 3 కిలోవాట్లది మా చలిలో నిమిషమునకు రెండు లీటర్లే ఇయ్యగలదు. పాత ఇండ్ల తీగలు అంత కరెంటు మోయగలవో లేదో పనివానిచేత చూపించుకొనవలెను. బోరునీటి ఊళ్ళలో కడ్డీకి సున్నపు పొర పట్టును. దానివలన కరెంటు ఎక్కువ కాలుననుకొందురు గాని అంతకంటె కడ్డీ తానే వేడెక్కి మాడిపోవుట ముఖ్యనష్టము. సంవత్సరమున కొకసారి శుభ్రము చేయించుచు, తొట్టి త్రుప్పుపట్టకుండ లోపల ఉంచు మెగ్నీషియము కడ్డీ అరిగినదేమో చూపించుట మంచిది.

బకెట్టులో పెట్టు హీటరు కడ్డీ బీదవారి గీజరు. లెక్కకు అది చాల మంచిది. కావలసిన నీరే కాచును, నిలువనష్టము లేదు, 1 కిలోవాటుది ఒక బకెట్టును అరగంటలో వెచ్చచేయును. కాని ప్రతి చలికాలమును దానివలన ప్రాణములు పోవుచున్నవి. నీరు కాచుపని మనదే గదా! నీరు కాగినదా యని వ్రేలు ముంచి చూచుటయే మృత్యువునకు ద్వారము. ముందు కడ్డీని నీటిలో దానిమీది గీతవరకు ముంచి, తరువాత ప్లగ్గు పెట్టి, స్విచ్చి వేయవలెను. తీయునపుడు ముందు స్విచ్చి ఆర్పి, ప్లగ్గు ఊడదీసి, కొంచెము సేపు ఆగి, పిదప నీటిని ముట్టవలెను. ఇనుప బకెట్టు వలదు. తడినేలమీద వట్టికాళ్ళతో నిలువవలదు. పిల్లలాడు తావున ఉంచవలదు. ఇంటి మీటరుడబ్బాలో 30 మిల్లీ యాంపియర్ల ఆర్.సి.సి.బి. అనునది పెట్టించినచో, కరెంటు మనుష్యునిగుండ పారుటకు మొదలిడగనే అది తెగిపోవును. ఆభరణములకు పెట్టు సొమ్ములో పదియవవంతు కూడ దానికి కాదు. ఇది పెట్టించని యింట ఆ కడ్డీని వాడవలదనియే నా అభిప్రాయము.

గ్యాసు చవుకయా, కరెంటు చవుకయా యని నన్నడిగినవారున్నారు. 14.2 కిలోల సిలిండరు మొత్తము మండిన లక్షన్నర కిలోకాలరీల వేడిమి పుట్టును. పొయ్యిమీది గిన్నెకు చేరునది దానిలో నూటికి 60 పాళ్ళు. మిగిలినది వంటయింటి గాలికి. కాబట్టి ఒక సిలిండరు సుమారు 100 యూనిట్లకు సమానము. సిలిండరు ధరను 100 చేత భాగించి, ఆ వచ్చినదానిని మీ బిల్లులోని కడపటి మెట్టు ధరతో పోల్చుకొనుడు. ఏది తక్కువయో అది మీకు చవుక. పొరుగింటివారికి వేరు కావచ్చును. గ్యాసుగీజరును మాత్రము కిటికీలేని జలకాలగదిలో పెట్టరాదు. దానినుండి వచ్చు విషవాయువునకు వాసన లేదు, రంగు లేదు. స్నానమునకు పోయిన పిల్ల తలుపు తీయనప్పుడు గాని తెలియదు.

సొంతయిల్లును, నీడపడని మిద్దెయు గలవారికి సూర్యుడే గొప్ప గీజరు. దినమునకు 100 లీటర్లు కాచు సౌరయంత్రమునకు రెండు చదరపు మీటర్ల పలక, దక్షిణముఖముగ వాల్చినది, చాలును. వేడినీరు తేలిక గావున తనంతట తాను పైతొట్టిలోనికి ఎక్కును; మోటారక్కరలేదు. పగలు కాగినది కప్పుదల గల తొట్టిలో మరునాటి ఉదయమువరకు వెచ్చగానే యుండును. మబ్బుదినములకు కరెంటుకడ్డీ తోడుండును. మిద్దెమీద సౌరవిద్యుత్తు పలకలే పెట్టించుకొనువారికి 2024 లో మొదలిడిన పీ.ఎం. సూర్యఘర్ పథకము క్రింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల వరకు కేంద్రసహాయము ఏర్పరచిరి. మేము అద్దెయింట నున్నాము; మాకు ప్రస్తుత మా భాగ్యము లేదు.

గది వెచ్చచేయుటనుగూర్చి రెండు మాటలు. మా ఊరిలో చలికాలమున గదిహీటర్లు విరివిగ అమ్ముడుపోవును. 2 కిలోవాట్లది రాత్రి నాలుగు గంటలు వెలిగినచో 8 యూనిట్లు. అది మా యింటిల్లిపాదికి నాలుగు దినముల స్నానము! నూనెతో నింపినదైనను, ఎర్రగ మండు కడ్డీలదైనను ఒక యూనిట్టునకు ఇచ్చు వేడిమి ఒక్కటియే. వేడిగాలికూడ ఇచ్చు ఏసీ మాత్రము బయటిగాలిలోని వేడిమిని లోపలికి చేదిపోయును గావున యూనిట్టునకు రెండు మూడింతలు ఇయ్యగలదు. అది కలవారి మాట. మేము తలుపుక్రింది సందునకు పాతగుడ్డల చుట్ట కుట్టి పెట్టి, అత్తగారి పాదములయొద్ద దుప్పటిలో రబ్బరు వేడినీళ్ళ సంచి ఉంచుచున్నాము. దానిలో పట్టు లీటరున్నర నీరు 65 డిగ్రీలకు కాచుటకు 0.08 యూనిట్టు. హీటరు గదిలోని గాలినంతయు కాచును. సంచి వృద్ధురాలి పాదములను మాత్రము కాచును. ఖర్చు నూరవవంతు. మూతి గట్టిగ బిగించి, గుడ్డ చుట్టి పెట్టవలెను. వృద్ధుల చర్మమునకు కాలినది వెంటనే తెలియదు.

పూర్వము మా అమ్మమ్మగారింట మంచముక్రింద బొగ్గుల కుంపటి పెట్టెడివారు. ఆ పెంకుటిండ్లకు సందులనేకము. గాలి వచ్చుచు పోవుచు నుండెడిది. నేటి సిమెంటుగదులలో తలుపులు కిటికీలు బిగించుకొని కుంపటి పెట్టుకొనుట యనగా పైన చెప్పిన ఆ వాసనలేని విషమును ప్రక్కలో పడుకొనబెట్టుకొనుటయే. పెరటిలో కాగు క్రింద పిడకలును చిదుకులును ఎగద్రోయుచు ఊపిరియూదిన దినములను కొందరు తియ్యగ తలచుకొందురు. ఆ పొగకు మా అమ్మమ్మగారి కన్నులు కారుచుండినవి నాకు జ్ఞాపకమున్నవి. నాకు కాగుమీద మమకారము లేదు.

జనవరి మొదటివారమున బిల్లు వచ్చినది. కార్తికముకంటె చలి హెచ్చయిన నెలయైనను 188 యూనిట్లు. మావారు ఈసారి వరండాలో నిలువక లోపలికి వచ్చి అత్తగారి మంచముమీద కూర్చుండి బిల్లు చదివి వినిపించిరి. నేను కాగితముమీద ఆమె స్నానపు లెక్క వ్రాసి చూపితిని: 0.51 యూనిట్టు, 4 రూపాయల 80 పైసల చొప్పున, 2 రూపాయల 45 పైసలు.

ఆమె కొంతసేపు ఆలోచించి, "రెండున్నర రూపాలా? గింతేనా? చాయ్ పైసలు గూడ గావు గదనే!" అనిరి. పిదప కొడుకు వైపు చూచి, "రేపటిసంది ఇంకో రెండు చెంబులు ఎక్కువ పోసుకుంట" అనిరి.

ఇప్పుడు స్విచ్చి వేయుటయు ఆర్పుటయు ఆమె అధికారములోనే యున్నది. మావారు కడపట స్నానమునకు పోవుచు మరచినచో తలుపు తట్టి మరీ బయటికి పిలుచుచున్నారు.